జాకెట్ ముక్కల గౌను

వెంకట్రాజానికి కోపం వస్తే చేతికందిన వస్తువు విసిరేస్తాడు. కాకపోతే విసిరే ముందు దాని ధర గుర్తు చేసుకుంటాడు. జనగామలో బట్టల దుకాణం నడిపే మనిషి కదా! అందుకే ఆ ఇంట్లో స్టీలు గ్లాసులన్నిటికీ సొట్టలున్నాయి, పింగాణీ కప్పులు మాత్రం పెళ్లినాటి నుంచి క్షేమంగా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం గోడకు తగిలింది స్టీలు చెంబు. భార్య వనమాల తల వంచి తప్పించుకుంది గాని, కుట్టుమిషన్ తొక్కడం ఆపలేదు.

"దుకాణంల నిలబడి నిలబడి ఇంటికొస్తే కండ్లు మూసుకోనిస్తలేవు. టకటక, టకటక! సేటు పెండ్లాం మిషన్ కుడుతదట అని బజార్ల నవ్వుతున్రు. బట్ట అమ్మేటోని ఇంట్ల బట్ట కుట్టుడేందే?"

"మరి కిరాణ దుకాణంల కుట్టాల్నా?"

రెండో చెంబు అందుబాటులో లేదు. వెంకట్రాజం మాటతో కొట్టాడు.

"వర్తక సంఘపోళ్లు ఫ్యాషన్ పోటీ పెట్టిన్రు గద, అండ్ల ఫస్ట్ ప్రైజ్ తే. తెస్తే దుకాణం మీది అర్ర నీదే, తలుపేసుకొని పొద్దంత కుట్టుకో. తేకుంటే తెల్లారి మిషన్ పాత సామాన్లోనికి తూకానికేస్త. చిల్పూరు బుగులు ఎంకటేశ్వరసామి మీద ఒట్టు!"

వనమాల లేచి, కత్తెరతో అతని బనియను అంచు చటుక్కున కోసింది. కత్తెర కొస పొట్టకు గీరుకుని సన్నగా నెత్తురు తేలింది.

"మాట తప్పకుండ్రి. గిది గుర్తు" అని ఆ ముక్కను డబ్బాలో వేసుకుంది.

వెంకట్రాజం గాయాన్ని చూసుకోలేదు. బనియను కొత్తది.

పోటీ మూడు జిల్లాలది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వర్తకుల ఇళ్లలోని ఆడవాళ్లు ఇంట్లో వాడకుండా పడున్న బట్టతో సొంతంగా డ్రెస్ కుట్టాలి. దాన్ని ఇంటి ఆడపిల్ల వేసుకుని వేదిక మీద నడవాలి. వనమాలకు కూతురు వర్షిణి ఉంది. ఇక బట్ట కావాలి. బీరువా తెరిస్తే జాకెట్ ముక్కలు మీద పడ్డాయి.

జాకెట్ ముక్కను ఎవరూ జాకెట్‌గా కుట్టించుకోరు. బొట్టు పెట్టి చేతిలో పెడతారు. కళ్లకద్దుకుని తీసుకుని బీరువాలో పడేస్తారు. ఇంకో శుభకార్యంలో ఇంకొకరికి బొట్టు పెట్టి ఇచ్చేస్తారు. మనుషులు పోతారు గాని ముక్కలు తిరుగుతూనే ఉంటాయి. నియమం ఒక్కటే: ఎవరు పెట్టారో వాళ్లకే తిరిగి పెట్టకూడదు. ఇంత పెద్ద వ్యవస్థ కాగితం మీద ఒక్క అక్షరం లేకుండా, ఆడవాళ్ల జ్ఞాపకం మీదే నడుస్తోంది.

ఆ వ్యవస్థకు వనమాల కత్తెర పెట్టింది. నడుము దగ్గర లేత రంగులు, కింది అంచుకు వచ్చేసరికి ముదురు రంగులు. ముక్కలన్నీ పైన సన్నగా, కింద వెడల్పుగా కోసి, గొడుగులా విచ్చుకునే పొడుగు గౌను కుట్టింది. బట్ట పల్చన గనుక ప్రతి అతుకునూ లోపలికి మడిచి డబుల్ కుట్టు వేసింది. ఛాతీ మీదికి, రేగొండ పెద్దమ్మ బతుకమ్మ పండక్కి పెట్టిన మెరూన్ పట్టుముక్క. అది కుట్టేటప్పుడు సూది వేల్లోకి దిగి గోరు పక్కన తేలింది. నెత్తురు బొట్లుబొట్లుగా కారింది. మెరూన్ మీద కనపడలేదు. మంచి రంగు ఎంచుకున్నానని వనమాల సంతోషించింది.

"మమ్మీ, ఊపిరాడ్తలేదు" అంది వర్షిణి తొడిగి చూసుకుని.

"పోటీ అయినంక పీల్చుకో."

వనమాల అన్నీ ఆలోచించింది. చూడ్డానికి వచ్చేది ఎవరన్నది తప్ప.

ఫంక్షన్ హాలు నిండా బంధువులే. వెంకట్రాజం అక్క సరోజన మహబూబాబాద్ నుంచి కూతురితో దిగింది, ఆ పిల్ల కూడా పోటీలో ఉంది. ముందు వరుసలో లింగాల ఘనపూర్ చిన్నమ్మ, పక్కనే రేగొండ పెద్దమ్మ. భూపాలపల్లిలో ఫ్యాషన్ డిజైనింగ్ నేర్పే సింధు మేడం జడ్జి. బల్ల మీద ఇత్తడి కప్పు మెరుస్తోంది. వనమాల దానివైపు చూసినప్పుడల్లా పాత సామాన్లవాడి తరాజు కనిపిస్తోంది.

వర్షిణి వేదిక మీదికి రాగానే, వనమాల ముందే చెప్పి పెట్టిన మాటలు యాంకర్ మైకులో చదివింది.

"ఈ గౌను మన బంధువులంతా ప్రేమతో పెట్టిన జాకెట్ ముక్కలతో కుట్టింది. ప్రతి ముక్కా ఒక ఆశీర్వాదం!"

చప్పట్లు మారుమోగుతాయనుకుంది వనమాల. మెడలన్నీ ముందుకు సాగాయి. ఆడవాళ్లందరూ తమ తమ ఆశీర్వాదాన్ని వెతుక్కుంటున్నారు.

"గా పచ్చది నేను పెట్టిందే! లోపటి లైనింగ్ అవుపడ్తున్నది, గింత పల్చగున్నదా?"

"నువ్వు పెట్టేటియి అన్ని గంతే అక్కా. నీ ఇంట్ల చాయ సుత గంతే."

అప్పుడు ఘనపూర్ చిన్నమ్మ కర్ర ఆనించి లేచింది.

"ఆగుండ్రి! గా మెరూన్ పట్టుది చిల్పూరు సామి కల్యాణంల అయ్యగారు నా చేతుల పెట్టిన ముక్క! సరోజన బిడ్డ పెండ్లికి కుట్టియ్యమని ఆమెకిచ్చిన. గీ పోరి మీదికెట్లొచ్చింది?"

సరోజన మొహం పాలిపోయింది. "నేనేడ పారేసిన చిన్నమ్మా! భద్రముంటదని రేగొండ పెద్దమ్మకు పెట్టిన."

"పెట్టంగ సామిదని చెప్పినవా?" పెద్దమ్మ గయ్యిమంది. "చిల్లర ముక్కనుకొని వనమాలకు తోలిన!"

స్వామివారి పట్టు ప్రయాణించిన దారి మూడు జిల్లాలకూ తెలిసిపోయింది.

చిన్నమ్మ సరోజన చెంప పగలగొట్టింది. మైకు దగ్గర్లోనే ఉండడంతో వెనక వరుసలకు కూడా స్పష్టంగా వినిపించింది. సరోజన తిరిగి చిన్నమ్మను కొట్టలేదు, పెద్దవాళ్లంటే గౌరవం. పక్కనున్న పెద్దమ్మ కొప్పు పట్టుకుని గుంజింది. సవరం ఊడి చేతికొచ్చింది. దాంతోనే బాదింది. పెద్దమ్మ కుర్చీ ఎత్తింది. ఇక ఎవరి లెక్కలు వాళ్లు తేల్చుకున్నారు. ఏ పెళ్లిలో ఎవరికి పెరుగు వడ్డించలేదో గుర్తు చేసి మరీ గుద్దుకున్నారు. ఒకామె పన్ను రాలింది. పక్కనామె వెతికి ఇచ్చి, మళ్లీ కొట్టింది. మగవాళ్లు సగం మంది ఫోన్లలో వీడియో తీశారు. మిగతావాళ్లు, భోజనాల దగ్గర రద్దీ తగ్గిందని అటు వెళ్లారు.

పోటీకొచ్చిన మిగతా డ్రెస్సులన్నీ ఆ తొక్కిసలాటలో పీలికలయ్యాయి. సరోజన కూతురు తల్లి కొంగు కప్పుకుని ఏడుస్తోంది. అంతలో ఎవరో అరిచారు:

"నా ముక్క నాకియ్యి!"

గుంపు వేదిక ఎక్కింది. తలా ఒక అంచు పట్టుకుని గుంజుతుంటే వర్షిణి బొంగరంలా తిరిగింది. "మమ్మీ!" అని పిల్ల అరిచిన అరుపుకు వనమాల కట్టింగ్ కత్తెరతో దూకింది. దొరికిన చేతిని కండ తెగేలా కొరికింది.

"కుట్టు మీద చెయ్యేస్తే ఏలు కోస్త!"

"ఏం కోస్తవే, కొయ్యి!" అంది సరోజన మెరూన్ ముక్క పట్టుకుని.

కత్తెర కిర్రుమంది. జానెడు జడ కింద పడింది.

హాలు దద్దరిల్లేలా అరిచి సరోజన ఇత్తడి కప్పు అందుకుంది. సరిగ్గా అప్పుడే వెంకట్రాజం విడిపించడానికి వనమాల వెనక నుంచి వచ్చాడు. వనమాల వంగింది. చెంబులు తప్పించుకున్న అలవాటు కదా! విసిరిన కప్పు వెంకట్రాజం నెత్తిన ఠంగుమంది. నుదుటి నుంచి తెల్ల చొక్కా జేబు దాకా నెత్తురు ధారగా దిగింది.

అందరూ ఆగిపోయారు.

"అయ్యో, తెల్లంగి!" అంది చిన్నమ్మ. "చల్లనీళ్లల్ల నానబెట్టుండ్రి, ఏడినీళ్లయితే మరక పోదు."

బల్ల కింది నుంచి సింధు మేడం బయటికొచ్చింది. ఒక కమ్మ లేదు, చెవి తెగింది. గౌను దగ్గరికి వెళ్లి కుచ్చిళ్లు తిప్పి చూసింది. బట్ట నాలుగైదు చోట్ల చిరిగింది. అతుకు ఒక్కటీ విడలేదు.

"ఇంతమంది గుంజినా కుట్టు నిలబడ్డది. ఇగ చూస్తే, ఈడ డ్రెస్ అనేది గిదొక్కటే మిగిలింది. ఫస్ట్ ప్రైజ్ వనమాల గారికే" అని, సొట్టపోయిన కప్పు ఆమె చేతిలో పెట్టి, చెవి పట్టుకుని బయటికి పరుగెత్తింది.

మర్నాడు వెంకట్రాజం తలకు కట్టుతో మంచం మీద కూర్చున్నాడు. బయట అరుగు మీద నిన్న కొట్టుకున్న ఆడవాళ్లు చిరిగిన జాకెట్లు పట్టుకుని వరుసగా కూర్చున్నారు. అంత గట్టి కుట్టు ఇంకెక్కడా దొరకదని కళ్లారా చూశారు మరి. తల గుడ్డతో కప్పుకుని సరోజన చివర్లో కూర్చుంది. మొహం తిప్పుకునే ఉంది గాని, జాకెట్ మాత్రం తెచ్చింది.

"దుకాణం మీది అర్ర తాళంచెవి ఇయ్యుండ్రి" అంది వనమాల.

"నా తల పలగ్గొట్టిపిచ్చి తాళం అడుగుతవా?"

వెంకట్రాజం చేతికందింది ఎత్తాడు. ఇత్తడి కప్పు. వనమాల వంగడానికి సిద్ధమైంది. అతను గాల్లోనే ఆగి, కప్పును ఒకసారి చేత్తో తూచి చూశాడు. అసలైన ఇత్తడి. బరువుంది. మెల్లగా కిందికి దించి, సొట్టను పంచె అంచుతో తుడిచి, పింగాణీ కప్పుల పక్కన పెట్టాడు.

తర్వాత మొలతాడుకున్న తాళంచెవి విప్పి, "మిషన్ ఎత్తేటప్పుడు గోడకు గీకకుండ్రి, మొన్ననే సున్నమేసిన" అన్నాడు.