రాని శత్రువు కోసం వేసిన తాళం

నేను ఒక తాళంకప్పను. ఇనుప ఒళ్లు, లోపల ఇత్తడి. అలీగఢ్‌లో ఒక ఇరుకు సందులో ఒక ముసలాయన నన్ను మూడు రోజులు ఆకురాయితో రుద్ది తయారు చేశాడు. చివర్లో సుత్తితో నాలుగు మోది, నేను ఊడలేదని చూసుకుని నవ్వాడు. ఆ నవ్వుకు పొంగిపోయాను. గట్టిగా ఉండటమే గొప్ప అనుకున్నాను. ఆ గొప్ప ఏమైందో చెప్తా. సిగ్గుగానే ఉంది, అయినా చెప్తా.

సర్కారు నన్ను కొని రాయలసీమలో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి పంపింది. అక్కడ ఒక కొత్త బీరువాకు నన్ను వేశారు. బీరువా మీద ఎర్ర అక్షరాలు: "జీవాయుధ దాడి జరిగినప్పుడు మాత్రమే, పై అధికారి లిఖిత అనుమతితో తెరవాలి." శత్రువు రోగాన్ని పొడి చేసి జనం మీద చల్లితే కాపాడే మందులంట లోపల. అందులో దొమ్మరోగం సూదులే ఎక్కువ, ఇంగ్లీషులో ఆంత్రాక్స్ అంటారే, అదే. దొమ్మరోగం గురించి ఆ ఊళ్లో గొర్రెలు కాసేవాళ్లను అడగండి, చెప్తారు. వాన పడి గడ్డి మొలిచినప్పుడల్లా గొర్రెలు దానితోనే చస్తాయి. ఆ రోగం అక్కడి మట్టిలోనే ఉంది, ఎవడూ వచ్చి చల్లనక్కర్లేదు. ఈ ముక్క బీరువా పంపినవాళ్లకు తెలియదో, తెలిసినా గొర్రెల కాపరి వాళ్లకు మనిషిలా కనపడడో!

ఏటా ఒకసారి ఉత్తుత్తి దాడి జరిపేవారు. వార్డుబాయి ఓబులేసు స్ట్రెచర్ మీద రోగిలా పడుకునేవాడు. "గట్టిగా మూలగరా, ఫొటోలో పడాల" అనేవాడు ఫార్మసిస్టు వేదాచలం. మొలతాడు నుంచి తాళంచెవి తీసి తిప్పేవాడు. నేను టక్కున తెరుచుకునేదాన్ని. చప్పట్లు, టీలు, మిక్చరు పొట్లాలు. ఓబులేసు మిక్చరు నములుతూ లేచి కూర్చునేవాడు.

ఒక ఏడు ఆశ్వయుజంలో వాన దంచింది. వంక పొంగి పెద్దాసుపత్రి దారి తెగింది. పొద్దున్నే సుంకలమ్మ తన మొగుడు బీరలింగప్పను మంచం మీద మోయించుకొచ్చింది. చచ్చిన గొర్రెను పారేసేంత కలిగినోళ్లు కారు, అతనే చర్మం తీసి కోశాడు. ముంజేతి మీద నల్ల పొక్కు, చెయ్యంతా వాపు, ఒళ్లు కాలిపోతోంది. డాక్టరమ్మ వంకకు అవతల చిక్కుకుంది. ఫోనులోనే నర్సు రాహేలమ్మకు చెప్పింది: "దొమ్మరోగమే. ఆ సూది వెంటనే వెయ్యి." మామూలు స్టోరులో ఆ సూది అయిపోయి నెలయింది. ఉన్నది నా వెనకాలే.

"వేదాచలం సార్, బీరువా తీయండి."

"దాడి జరగలేదు గదా సిస్టర్, ఎట్ల తీసేది?"

"మనిషి పోతాండాడు సార్!"

"నాకు రిటైర్మెంటు ఎనిమిది నెలలుంది. ఎంక్వైరీ వస్తే నువ్వొచ్చి నిలబడతావా?"

సుంకలమ్మ అతని కాళ్ల మీద పడింది. "సామీ, ఆ యుద్ధమేదో వచ్చినప్పుడు మా గొర్రెలన్నీ అమ్మి ఆ సూది కొనిస్తా. ఇప్పుడు తీయి సామీ!"

అతను వెనక్కి గెంతి, పై ఆఫీసుకు ఫోను కొట్టాడు. అవతలి మాట నాకూ వినపడింది.

"దాడి చేసిందెవరు?"

"గొర్రె సార్."

"గొర్రె శత్రువెట్లయితుందయ్యా? కాగితం పెట్టు, పైకి పంపిస్తా."

వేదాచలం గదిలోకి పోయి గడియ పెట్టుకుని కాగితం రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు, చివరికి ఫొటో తీసి ఫోనులో పంపాడు. చెడ్డవాడేం కాదు, భయస్థుడు. అయితే బీరలింగప్పకు ఆ తేడాతో ఏం పని?

రాహేలమ్మ ఆక్సిజన్ సిలిండరు తిప్పే స్పానరు తెచ్చింది. "ఊడవే, నీ పాడుగాను!" అంటూ నన్ను మోదింది. ఏడు దెబ్బలు. ఊడిపోవాలని ఒళ్లంతా వదులు చేయబోయాను. నా చేతిలో ఏముంది? ముసలాయన పనితనం అట్లాంటిది. ఒంటి మీద గుంట పడింది, అంతే. ఆమె అరచేయి చీరుకుని నెత్తురు కారింది.

మధ్యాహ్నం మూడింటికి అనుమతి కాగితం ఫోనులోనే వచ్చింది. వేదాచలం పరిగెత్తుకొచ్చి తాళంచెవి తిప్పాడు. ఓబులేసుకు తెరుచుకున్నట్టే టక్కున తెరుచుకున్నాను. సూది వేశారు. అప్పటికే రోగం నెత్తురంతా పాకింది. పొద్దు గూకకముందే బీరలింగప్ప పోయాడు.

ఎంక్వైరీ వచ్చింది. సర్కారు ఆస్తికి గుంట పెట్టినందుకు రాహేలమ్మకు మెమో. వేదాచలం శాలువా కప్పించుకుని రిటైరయ్యాడు. మిగిలిన సూదులకు గడువు తీరితే ఆసుపత్రి వెనక గుంతలో కాల్చేశారు. కొత్తవి రాలేదు. బీరువా ఖాళీ. అయినా నన్ను తీయలేదు, ఉత్తర్వు లేదు కాబట్టి.

సుంకలమ్మ నెలకోసారి బీపీ మాత్రలకొస్తుంది. మొన్న వచ్చినప్పుడు నా ముందు ఆగింది. గుంటలో బొటనవేలు పెట్టి తడిమి చూసింది.

"నీకేం కాలేదులే. గట్టిగానే ఉండావు," అని పోయింది.

ఆ ముసలాయన నవ్వింది కూడా అందుకే.