అతిసారం అన్నందుకు

పల్లిపాలెం రేవులో పడవ దిగగానే చెప్పేరు, పైడమ్మ మనవరాలు పోయిందని. రెండు రోజులు నీళ్ళ విరోచనాలట. గుక్కెడు నీళ్ళు కూడా పట్టలేదట.

నాకు ఒళ్ళు మండిపోయింది. పది రోజుల కిందట ఆ ఇంటి అరుగు మీదే, హెల్త్ అసిస్టెంటు హోదాలో, ఆఫీసువాళ్ళిచ్చిన కార్డు చదివేను. "అతిసారము సోకినచో లీటరు నీటిలో అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల పంచదార కలిపి త్రాగించవలెను." పైడమ్మ ముందు వరసలోనే ఉంది.

"విన్నావు కదా, ఎందుకు పట్టలేదు?" అన్నాను. పిల్ల పోయిన ఇంట్లో అనవలసిన మాట కాదు.

"పట్టేమండీ, మా అల్లుడికి. సారా ఎక్కువైనోళ్ళకన్నారు కదండీ, డాక్టరుగారూ."

అతి సారా. పేటంతా అలాగే విన్నారు. కార్డు చదివిన రోజు ఒకావిడ "మా ఆయనకైతే బిందెడు కలపాలండీ" అంటే అందరూ నవ్వేరు. ఎందుకో తెలియకుండా నేనూ నవ్వేను.

ఈసారి కార్డు సంచీలో పెట్టేసి, "విరోచనాలు పడితే" అని మొదటి నుంచీ చెప్పేను. లీటరు కొలిచి వాళ్ళ చెంబుల్లో పోసి, నీళ్ళు వచ్చినంతవరకూ మేకుతో గీత గీసేను. "ఉప్పు కాస్త ఎక్కువైతే ఏవవుద్దండీ?" అన్నావిడ మీద మాత్రం కేకలేసేను. ఉప్పు ఎక్కువైతే పిల్లకే ముప్పు. చెంచా తలకొట్టి కొలవాల్సిందే.

ఈ సంగతి అమలాపురంలో మా ఆఫీసరు జగ్గారావుగారికి తెలిసింది.

"కార్డులో లేని మాట చెప్పడానికి నువ్వెవడివయ్యా? రాష్ట్రమంతా ఒకటే కార్డు."

"అతిసారం అంటే వాళ్ళకి తెలీదండీ."

"డిగ్రీ చదివేవు, నీకు తెలుసుగా?"

"నాకు బి.ఏ.లో తెలిసిందండీ. కూలికెళ్ళే మా అమ్మకి ఇప్పటికీ తెలీదు."

మెమో ఇచ్చేరు. ప్రొబేషన్‌లో ఉన్నానని గుర్తు చేసేరు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

ఇలా రాసిచ్చేను: "అయ్యా, ఉప్పు మార్చలేదు. పంచదార మార్చలేదు. నీళ్ళు మార్చలేదు. ఒక్క మాట మార్చేను, ఇకపైనా అలాగే చెబుతాను. ఆ పిల్ల పోకముందే మార్చనందుకు నన్నెవరూ సంజాయిషీ అడగలేదు. అది అడగండి. చిత్తగించవలెను. ఎం. సాలమోను."