తవిటయ్య ఫొటో

కడిగిన లదాఖ్ కొండల ఫొటోల్ని జనార్దనరావు తీగకి తగిలిస్తూ ఉండగా, స్టూడియో గుమ్మంలో ఎవరో దగ్గారు. పలాస స్టేషన్ రోడ్డులో పాస్‌పోర్టు ఫొటోలు తీసుకు బతికే ఈ బక్కపలచని మనిషి, ఒక కేలెండర్ కంపెనీ కోసం అక్కడి బౌద్ధారామాల్నీ, ఇక్కడి ఉద్దానం తీరాన్నీ తీస్తున్నాడు. దూరపు కొండలు నునుపంటారు. ఈయన మనుషుల్ని కూడా తప్పించి వాటిని ఇంకాస్త నునుపు చేసేవాడు. "పక్కకి జరగండి" అన్నది ఆయన ఊతపదం.

వచ్చినామె ఆ తీరంలోని అక్కుపల్లి ఊరి నీలమ్మ. ఆమె మొగుడు తవిటయ్య కిందటి వారం వేటకెళ్లాడు. పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు.

"దినం సెయ్యాల బావూ. శవం నేదు, ఫొటో అయినా నేదు. నువ్వు మా ఒడ్డుకాడ తీసినావు గదా, ఏ మూలనైనా ఉన్నాడేటో సూడు."

తవిటయ్య గుర్తున్నాడు. ఎడమ భుజం కొంచెం వంగి ఉండేది. పడవ పక్కనుంచి అతణ్ణి జరగమన్నది తనే. అయినా ఫొటోలన్నీ బల్ల మీద పరిచాడు. ఖాళీ ఇసుక, ఖాళీ సముద్రం. నీలమ్మ లదాఖ్ ఫొటో ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఈ ఊళ్లోనూ మనుసులు నేరేటి?"

"ఉన్నారమ్మా. నేనే పక్కకి పంపేశాను."

ఆమె ఫొటో మీంచి తలెత్తింది. "అందర్నీ నువ్వే పంపీసినావా బావూ?"

ఆయన ఆ ఫొటోని ఆమె చేతిలోంచి తీసుకుని బోర్లించి పెట్టాడు.

ఇంతలో ఆమె వేలు ఒక ఫొటో మీద ఆగింది. పడవ పక్కన ఇసుక మీద మనిషి నీడ. ఎడమ భుజం వంగి ఉంది.

"ఈడే. పెద్దది సెయ్యి."

చీకటిగదిలో, ఎర్రదీపం కింద, కాగితాన్ని మందునీళ్లలో ముంచాడు. అన్నిటికన్నా ముందు నీడే తేలింది. ఆ తర్వాతే పడవ, ఇసుక, సముద్రం. అది మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటో. పడవ నీడ పడవ కిందే ఉంది. ఈ నీడ మాత్రం ఫొటో అంచుదాకా సాగింది.  ఆ సంగతి జనార్దనరావు ఆమెతో అనలేదు.

ఆరిన ఫొటోని నీలమ్మ కళ్లకద్దుకుంది. అంతవరకూ ఆశ చావక చెరపని బొట్టుని కొంగుతో మెల్లగా తుడిచేసుకుంది. మెట్లు దిగింది.

ఆమె తెచ్చిన కాగితం పొట్లం బల్ల మీదే ఉండిపోయింది. "అమ్మా, ఇది మరిచిపోయావు!" అని కేకేశాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. "మంచి సొక్కా నేనోళ్లకి ఫొటోలో తొడుగుతారంట గదా, అందుకని తెచ్చినాను. నీడకి సొక్కా ఎందుకు బావూ?"

ఆయన పొట్లం విప్పాడు. ఇస్త్రీ మడత నలగని నీలి గళ్ల చొక్కా, మెడదాకా బొత్తాలన్నీ పెట్టి ఉంది.