బీరువాలో ఫోను

హెడ్‌మిస్ట్రెస్ సావిత్రి మేడమే తన పత్తిని ముంచిందని మొగిలి ఊరంతా చెప్పుకున్నాడు. చాయ్ హోటల్లో చెప్పాడు, పాలకేంద్రం దగ్గర చెప్పాడు, ధర్మసాగర్ పోయే ఆటోలో పక్కన కూర్చున్న ముసలమ్మకూ చెప్పాడు. చెప్పని ముక్క ఒకటుంది. అది ఆయన కూతురు పూజకు తెలుసు.

బళ్లు తెరిచేనాటికి కొత్త చట్టం వచ్చింది. పిల్లల సెల్‌ఫోన్ల మీద ప్రతి బడీ తన నియమాలు తాను రాసుకోవాలి, తల్లిదండ్రుల కమిటీ వాటి మీద సంతకాలు పెట్టాలి. ఏడో తరగతిలో బడి మానేసిన మొగిలిని కమిటీలోకి తీసుకున్నారు. బడిలో ఆయనకు కుర్చీ వేయడం అదే మొదటిసారి. ఫోను తెస్తే ఒకరోజు ఉంచుకుని ఇచ్చేద్దామని మేడం అంటే ఆయన ఒప్పుకోలేదు.

"ఒక్క దినంతోని భయముంటదా మేడం? ఏడాది పరీక్షలయ్యేదాంక బీరువల పెట్టుండ్రి. ప్రార్థనల మైకు ముందట నిలవెట్టి తప్పు ఒప్పించుండ్రి."

"జర ఎక్కువైతదేమో తమ్మీ," అంది బడిలో వంట చేసే సోమక్క. ఆమె కూడా కమిటీ మనిషే.

"నీ మనుమడు దొరుకుతడని ఫికరా అక్కా?"

అందరూ నవ్వారు. ఆయన చెప్పినట్టే రాశారు. మొదటి సంతకం ఆయనదే.

నవంబరులో పత్తి ఇంటికొచ్చింది. సర్కారు ధరకు అమ్మాలంటే ఫోనులో స్లాటు, అంటే పత్తి తెచ్చే రోజు, బుక్ చేసుకోవాలి. పొద్దున పదింటికి మొదలైతే అరగంటలో అయిపోతాయి. మొగిలి దగ్గరున్నది నొక్కుడు ఫోను. ఇంట్లో ఉన్న ఒక్క టచ్ ఫోను వాడటం పూజకే వచ్చు. స్లాట్లు తెరిచే రోజే ఆమెకు బడిలో పరీక్ష.

"వద్దు నాయినా, దొరికితే ఇజ్జత్ పోతది," అంది పూజ.

"టిఫిన్ సంచిల అడుగుకు పెట్టుకో. పదింటికి బాత్రూముకని చెప్పి ఐదు నిమిషాలల్ల చేసెయ్. ఎవలన్న అడిగితే నేన్లేనా?"

పది దాటి ఐదు నిమిషాలు కాలేదు, రమ్మని బడి నుంచి కబురొచ్చింది. పోయేసరికి ఆఫీసు గదిలో పూజ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఫోను బల్ల మీద ఉంది. గరిటె చేతిలోనే పట్టుకుని సోమక్క గుమ్మంలో ఉంది.

"పిల్ల ఏం చెప్తలేదు మొగిలి గారూ," అంది మేడం. "మీరే ఇచ్చి పంపిండ్రా? అట్లయితే పిల్లది తప్పు కాదు. ఫోన్ ఇప్పుడే తీస్కపోండి. కమిటీల మాత్రం మీ పేరుండదు."

గోడ గడియారం పదింబావు చూపిస్తోంది. ఇంకా టైముంది. నేన్లేనా అన్న మాట ఆయనకు గుర్తుంది. పూజకూ గుర్తుందని ఆమె చూపే చెబుతోంది. కానీ గుమ్మంలో సోమక్క ఉంది.

"నాకెర్క లేదు మేడం. నాకు తెల్వకుంట తెచ్చింది."

అక్కడితో ఆగినా బాగుండేది. "ఈ కాలం పోరగాండ్లే ఇంత," అని కూడా అన్నాడు.

పూజ తల వంచుకుంది. మేడం ఫోనును బీరువాలో పెట్టి తాళం వేసింది.

మరునాడు ప్రార్థన వేళకు మొగిలి బడి ప్రహరీ అవతల బండి ఆపుకుని నిలబడ్డాడు. లోపలికి పోయే ధైర్యం లేదు, ఇంటికి పోయే మనసూ లేదు. మైకులో కూతురి గొంతు వినిపించింది.

"నా అంతట నేనే ఫోన్ తెచ్చిన. మా నాయినకు తెల్వదు. తప్పయింది."

ఎక్కడా తడబడలేదు. ఇంట్లో ఎన్నిసార్లు అనుకుని వచ్చిందో.

రెండు రోజులకు మబ్బు పట్టింది. రేకుల కింద పత్తి తడిస్తే ఆ వచ్చేదీ దక్కదని, వాకిట్లోకి వచ్చిన బేరగాడికి అడిగిన ధరకే తూచేశాడు. ఆ సాయంత్రం నుంచే సావిత్రి మేడం పేరెత్తడం మొదలుపెట్టాడు.

వారం తర్వాత, అన్నం ముందు కూర్చున్నప్పుడు పూజ అడిగింది. గొంతులో కోపమేమీ లేదు.

"నాయినా, మేడం వల్ల నష్టమొచ్చిందని ఊర్ల చెప్తానవట. ఎంత పోయిందని బడిల అడుగుతాండ్లు. ఎంతని చెప్పాలె?"

ఊరందరికీ గడగడా చెప్పిన లెక్కే. కూతురికి మాత్రం కంచంలోకే చూస్తూ చెప్పాడు.

"పద్నాలుగు క్వింటాళ్లు బిడ్డా. సర్కారు ధర కంటె క్వింటాలుకు పదమూడు వందల యాభై తక్కువ. పద్దెనిమిది వేల తొమ్మిది వందలు."