బట్టీ పక్కన సభ

ఆ ఆదివారం పిడుగురాళ్ల గ్రంథాలయంలో 'రేపటి మన ఊరు' గురించి కాలేషా మాట్లాడాలి. అతను మా సున్నపు బట్టీల వీధిలో పుట్టి, పుస్తకాలు రాసేవాడయ్యాడు. ఊరు పట్నమవుతోంది కాబట్టి బట్టీలు ఎత్తెయ్యాలని అతని నోటితోనే చెప్పించాలని సభాధ్యక్షుడు ఆదినారాయణ కోరిక. అది తెలిసే మా వీధివాళ్లమంతా వెళ్లాం.

సభ మొదలయ్యేసరికి కిటికీల్లోంచి పొగ లోపలికి వచ్చింది. గోడ అవతలి బట్టీని కాలేషా తల్లి కరీమున్నీసా తెల్లవారుజామునే అంటించింది.

"ఏంది కాలేషా, ఈ ఒక్కపూటన్నా ఆగమని మీ అమ్మకి చెప్పుకోలేకపోయావా? పోయి ఆర్పించు," అన్నాడు ఆదినారాయణ దగ్గుతూ.

"అంటించిన బట్టీని ఆర్పరు బాబాయ్. సగం కాలిన రాయి దేనికీ పనికిరాదు."

"అయితే సభ ఇంకోనాడు పెట్టుకుందాం. అప్పటికి బట్టీలే ఉండవులే."

కాలేషా మెడలో దండ తీసి బల్లమీద పెట్టాడు. తన కుర్చీ ఎత్తుకుని బయటికి నడిచి, బట్టీ పక్కన పొగ రాని వైపు వేశాడు. మేమంతా వెనకే వెళ్లాం. కాసేపటికి ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఆదినారాయణ కూడా వచ్చాడు.

"రేపటి ఊళ్లో మేడలుంటాయి, సినిమా హాళ్లుంటాయి. వాటికి సున్నం కాల్చిచ్చిన మేమూ ఉంటాం. మేం లేని ఊరి గురించి నేను మాట్లాడను," అన్నాడు కాలేషా.

ఇంతలో నెత్తిమీద రాళ్ల గంపతో కరీమున్నీసా వచ్చింది.

"మాట్లాడింది చాల్లేరా, ఆ కుర్చీ జరుపు. అక్కడ ఇంకో బట్టీ పేర్చాలి."

కాలేషా కుర్చీని పక్కకి తీసి ఆదినారాయణకు వేసి, తల్లి నెత్తిమీది గంప అందుకున్నాడు.