రాయించని మూడో పేరు

కొత్తగా చేరిన విద్యార్థులకు సుఖవ్యాధుల గురించి చెప్పే పని నాదే. ఉమెయో ఊళ్ళో డాక్టరు చదువు, మూడో ఏడు. క్లమీడియా ఉన్న చాలామందికి ఏ బాధా తెలియదనీ, మనిషిని చూసి కనిపెట్టలేమనీ గొంతు చించుకుని చెప్పేదాన్ని. చెప్పేవి శ్రీరంగనీతులు.

ఫిబ్రవరిలో ఆ జబ్బు నాకే ఉందని తేలింది. మా స్వీడన్‌లో మాత్రలిచ్చి పంపేయరు. ఎవరెవరితో గడిపామో పేర్లు చెప్పాలి, అది చట్టం. క్లినిక్‌లో గున్వోర్ అనే పెద్దావిడ కాగితం, కలం పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఎంతమంది, ఇల్వా?"

"ఇద్దరు."

"బాగా గుర్తుతెచ్చుకో. పరీక్ష చేయించుకోమని వాళ్ళకి ఉత్తరం వెళ్తుంది, అంతే. నీ పేరు అందులో ఉండదు."

"ఇద్దరేనండీ."

నిజానికి ముగ్గురు. బార్‌లో పాటలు పెట్టేవాడి పేరూ, హాకీ ఆడేవాడి పేరూ తడుముకోకుండా చెప్పాను. ఇలాంటివి అలాంటివాళ్ళకే వస్తాయని నా లెక్క. మూడోవాడు టోర్కెల్, మా హాస్టల్లో నా పక్కగది. చర్చిలో పాడతాడు, నోట్లో నాలుక లేనివాడు. అందరూ వదిలేసిన పాచిపోయిన పాల డబ్బాలు పారేసి ఫ్రిజ్ కడిగేది అతనొక్కడే. డిసెంబరులో ఒకే ఒక్క రాత్రి కలిశాం. అతని జీవితంలో నేను తప్ప ఎవరూ లేరు. ఉత్తరం వెళ్తే పంపించింది నేనేనని ఇట్టే తెలిసిపోతుంది. అతనికి ఉండదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అతని దృష్టిలో చులకనవడం నాకు ఇష్టంలేదు, అసలు సంగతి అదీ.

ఏప్రిల్లో మా ఎదురుగది సిగ్నే అతనితో ప్రేమలో పడింది. శుక్రవారం టాకో రొట్టెల కోసం ఉల్లిపాయలు తరుగుతూ అడిగింది.

"ఏమే, వాడు నీకు ముందునుంచీ తెలుసు కదా. పర్లేదంటావా?"

"బంగారం. కళ్ళు మూసుకుని కట్టేసుకో."

"నువ్వెందుకు కట్టేసుకోలేదే మరి?" అని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

అక్టోబరులో సిగ్నే కడుపునొప్పితో స్నానాలగదిలో పడిపోయింది. గర్భసంచిలో పెరగాల్సిన పిండం పక్క గొట్టంలో పెరిగి గొట్టం పగిలిందట. ఆపరేషన్ చేసి ఆ గొట్టం తీసేశారు. రెండోదీ పాడైందన్నారు, క్లమీడియా వల్లే. అది ఎలా పాడవుతుందో పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళాను. సిగ్నే నా చెయ్యి పట్టుకుంది.

"పిల్లలు కష్టమే అన్నారే. నాకంటే ముందు వాడికి ఒక్కర్తేనట. పేరు నాకు చెప్పనంటాడు. ఆ పిల్లకీ తెలిసుండదు, తిట్టుకోకు అంటాడు. నిజమే కదా? తెలిసి ఎవరు ఊరుకుంటారు?"



"నేనే, సిగ్నే. ఆ పిల్ల నేనే. నాకు తెలుసు."



"ఎప్పట్నించి?"

"ఫిబ్రవరి నుంచి."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను నిన్ను ఏప్రిల్లో అడిగాను కదే," అంది.