ఉప్పు మోరీ

దాసు పొయ్యిలోకి మరింత చెరుకు పిప్పి తోసి, మంట ఎగసేసరికి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తొట్టి మూత లాగాడు. కుళ్లిన గుడ్ల వాసన రేకుల షెడ్డంతా కమ్మింది. పొడుగాటి తెడ్డుతో అడుగునుంచి కలిపితే, మొన్న వేసిన పిప్పి గంజిలా జారింది. ఉప్పునీళ్లలో నాని నాని అతని వేళ్ల సందులు పగిలాయి. ఆవిరి తగిలినప్పుడల్లా పళ్లు కొరుక్కునేవాడు.

బోధన్ శివార్లలో ఒక కంపెనీ కట్టిన షెడ్డు అది. తొంభైల నాటి మాట. దాన్ని నడిపే సైంటిస్టు ముష్తాక్ ఆ ఊరివాడే. మొదటి రోజే దాసుకు చెప్పాడు.

"సముద్రం అడుగున మసిలే నీళ్లల్ల పుట్టిన జీవాలు ఇవి. కండ్లకు కనవడవు. పిప్పిల ఉన్న పీచును కరగదీస్తయి, దాంతోని స్పిరిట్ తీయొచ్చు. ఉప్పు, వేడి తగ్గినయా, ఖతం."

సముద్రం చూడని దాసుకు ఆ జీవాలంటే ప్రేమా లేదు, భయమూ లేదు. వాటికి ఉప్పునీళ్లు కావాలి. వాడిన ఉప్పునీళ్లు పారబోయాలి. ఆ పారబోయడమే అతనికి నచ్చింది.

వెనక గోడవతల దానికోసం ముష్తాక్ గుంత తవ్వించాడు. దాసు అందులో ఒక్క కుండ కూడా పోయలేదు. గోడకింద నీళ్లు బయటికి పోయే మోరీ ఉంది. దాని పలక ఎత్తితే నీళ్లు కాలువలో పడి బాలనర్సయ్య చెరుకు మడి పక్కగా పోతాయి. ఏడాదిగా సాయంత్రం కాగానే దాసు ఆ పలక ఎత్తుతున్నాడు. ఇప్పుడు గట్టు పొడవునా చెరుకు ఆకులు కాలినట్టు ఎర్రబడ్డాయి.

పెళ్లయిన ఏడాది దాసు, అతని భార్య రూతమ్మ ఆ మడిలోనే చెరుకు కొట్టారు. ఆమెకు దాహమైతే దాసు ఒక గడ విరిచిచ్చాడు. బాలనర్సయ్య అది చూశాడు. ఆ గడను దాసు పళ్ల మధ్య పెట్టించి, పొద్దుగూకేదాకా గట్టుమీద ఎండలో నిలబెట్టాడు. చొంగ మెడమీదికి కారుతుంటే రూతమ్మ తలవంచుకుని చెరుకు కొడుతూనే ఉంది. చనిపోయేదాకా ఆమె ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే దాసును ఎక్కువ కాల్చింది.

ఆ రోజు పొద్దున్నే బాలనర్సయ్య గేటు దగ్గరికొచ్చి అరిచాడు.

"నా మడి మాడిపోతున్నదిరా! ఏం ఇడుస్తున్నరు మీరు?"

"నాకేం ఎరుక పటేలా? సాబును అడుగు," అన్నాడు దాసు. మనసులో మాత్రం నవ్వుకున్నాడు.

మధ్యాహ్నం అక్క గంగవ్వ చెంబుతో వచ్చింది. రూతమ్మ పోయాక దాసు తిండి ఆమె ఇంట్లోనే. సద్ది తెచ్చిందనుకుని చెయ్యి కడుక్కున్నాడు. ఆమె చెంబు ముందుకు చాచింది.

"తాగు."

"ఏందక్కా?"

"ముందుగాల తాగు."

ఒక్క గుక్క నోట్లో పోసుకున్నాడు. మింగలేకపోయాడు. ఆ రుచి అతని వేళ్లకు ఎప్పుడూ ఉండేదే.

"మన చర్చెనక బాయి నీళ్లురా ఇవి," అంది గంగవ్వ. "పప్పు ఉడుకుత లేదు. పోరలకు బేదులు. మా పక్కింటి విమలమ్మ బిడ్డను దవఖానల పెట్టిండ్రు. ఇయ్యాల కాలువెంట నడుసుకుంట వచ్చిన. పటేల్ మడి దాటినంక పల్లంల ఉన్నది మన బాయే."

లోపలినుంచి ముష్తాక్ వచ్చాడు. "గుంతలనే పోస్తున్నవ్ కదా దాసూ?"

దాసు తెడ్డు వంక చూశాడు. గంగవ్వ తమ్ముడి ముఖం వంక చూసింది. ఆమెకు ఇంకేమీ అడగాల్సిన అవసరం లేకపోయింది.

"ఉప్పు తిన్నోడు నీళ్లు తాగాలె అంటరు. నువ్వు తిన్నవ్, మేం తాగినం. పటేల్ నిన్ను నిలవెట్టిండని నాకు ఎరుకలేదా? రూతమ్మ రోజూ చేదుకున్న బాయిరా అది!" చెంబులో మిగిలిన నీళ్లు అతని కాళ్లమీద కుమ్మరించింది. "ఇగ నా ఇంటికి బువ్వకు రాకు."

ముష్తాక్ గోడవతలికి పోయి పొడిగా ఉన్న గుంత చూసొచ్చాడు. తర్వాత స్కూటరు తీశాడు. "నిజామాబాద్ పోయి కంపెనీ సేటుకు చెప్పాలె. పొయ్యి ఆరనియ్యకు. రేపు మాట్లాడుదాం," అని వెళ్లిపోయాడు.

దాసు ఆ పూటంతా వాడిన నీళ్లు కుండతో మోసి గుంతలో పోశాడు. గుంత అడుగున మొలిచిన వయ్యారిభామ మొక్కలు వేడినీళ్లకు వాలిపోయాయి. తొట్టి వేడి పోకుండా కప్పే గొంగడి తీసి, ఉండచుట్టి, మోరీ నోట్లో కాలితో కుక్కాడు. అవతలి గట్టుమీద బాలనర్సయ్య నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"ఏంరా, మీ బాయి గూడ పాయెనట?"

దాసు నడుం నిటారు చేశాడు. "పాయె. నేనే జేసిన. నీ మడిని గూడ నేనే మాడవెట్టిన. ఎరుకుండే జేసిన."

బాలనర్సయ్య నవ్వు ఆగిపోయింది. "నీకు నేనేం జేసిన్రా?"

"నా నోట్ల చెరుకు గడ పెట్టి నిలవెట్టలె? నా పెండ్లాం ముంగట?"

బాలనర్సయ్య కనుబొమ్మలు ముడిచి ఆలోచించాడు. అతను దాచడం లేదు, వెతుక్కుంటున్నాడు. "ఎప్పుడు?" అన్నాడు. "ఎంతమందిని నిలవెట్టిననో! యాదికి లేదు." ఆ తర్వాత గొంతు లేపాడు. "ఉండు, మనుషులను తీస్కొని వస్త. నీ బొక్కలు ఇరగ్గొట్టకుంటే నా పేరు మార్చుకుంట."

అతను మడికి అడ్డంబడి గబగబా నడిచిపోయాడు. దాసు అతను పోయినవైపే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్లుగా కాలుతూ వచ్చింది తానొక్కడే. లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. పిప్పి చేతిలోకి తీసుకున్నాడు, మళ్లీ కుప్పమీదే వదిలేశాడు. నిప్పులమీద బూడిద కమ్ముకుంటుంటే చొక్కా వేసుకుని, చర్చి దారి కాకుండా చుట్టుదారిన బస్టాండుకు నడిచాడు.

అతన్ని వేల్పూర్‌లో పసుపు ఉడకబెట్టే చోట చూశామని తర్వాత ఎవరో గంగవ్వతో అన్నారు. ఆమె బియ్యం చెరుగుతూనే ఉంది, తల ఎత్తలేదు.

దాసు వెళ్లిపోయిన మర్నాడు ముష్తాక్ వచ్చేసరికి షెడ్డు తలుపు విరిగి ఉంది. తొట్టి చల్లబడింది. వాసన కూడా సగం చచ్చిపోయింది. సముద్రం అడుగునుంచి వచ్చిన జీవాలు గంజి మీద తెల్లటి తెట్టుగా పేరుకున్నాయి. బయట మోరీ నోట్లో గొంగడి ఎండకు బిగుసుకుపోయి ఉంది. దాని మడతల్లో ఉప్పు పూసింది.